నునుపు మేస్త్రీ షికారు పడవ

నునుపు మేస్త్రీ తను గెలిచిన తగాదాలు చాలానే చెప్పుకుంటాడు. వాటిలో పక్క ఇస్త్రీ కొట్టు వదిన కళ్ళారా చూసింది ఒక్కటే. మిగతావి జరిగాయో లేదో దేవుడికెరుక. ఆ ఒక్కటి మాత్రం నిజంగా జరిగింది. అది జరుగుతున్నంతసేపూ ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె కదలకుండా నిలబడిపోయి, ఎవరిదో చొక్కా జేబు మాడి ఊరుకుంది.

ఆ రోజు బట్టల కొట్టు యజమాని తన తెల్ల కారు తీసుకెళ్ళడానికి, కార్లకి రంగులేసే మేస్త్రీ షెడ్డుకి వచ్చాడు. తలుపుకి సొట్ట పడితే తియ్యమని వదిలి వెళ్ళిన కారది. వచ్చి చూసి సంతోషించాల్సింది పోయి, వీధి అదిరిపోయేలా అరవడం మొదలుపెట్టాడు.

“నా తలుపేదయ్యా? కంపెనీ తలుపు ఊడబీకి అమ్ముకుని, ఎక్కడిదో తెచ్చి తగిలించావా? అంత సొట్ట పడ్డ తలుపు ఇలా ఉంటుందా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా నీకు?”

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “తలుపు మీదేనండీ,” అన్నాడు.

“నాదైతే సొట్టేదీ?”

“అది మీరే చూపించాలి. కారు మీది, సొట్ట మీది. ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించారంటే కారు ఊరికే తీసుకుపోండి.”

యజమాని వంగి చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. తలుపు నడిమధ్యన వేలు పెట్టాడు. కాదన్నాడు మేస్త్రీ. పిడి కింద పెట్టాడు. అదీ కాదన్నాడు. అప్పటికే వీధిలో పని ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అందరూ మూగారు. మేస్త్రీ జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి తలుపుకి అంటించి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. ఇనుము మీద అది బల్లిలా పట్టుకుని పాకింది. తలుపు కింది అంచుకి రాగానే టప్పున ఊడి నేల మీద పడింది.

“ఇదిగోనండీ మీ సొట్ట. ఇక్కడ ఇనుము మీద పుట్టీ ఉంది, అందుకే అయస్కాంతం అంటుకోదు. కొత్త తలుపే బిగించి ఉంటే ఇది ఎందుకు రాలుతుంది?”

“ఇంక ఎక్కండి సారూ, ఇంకాసేపుంటే సొట్ట మీ మొహానికి పడేలా ఉంది,” అన్నారు గుంపులో ఎవరో. జనం గొల్లుమన్నారు. యజమాని కారెక్కి వెళ్ళిపోయాడు. మేస్త్రీ అయస్కాంతం ఏరుకుని, ఊది, జేబులో వేసుకుని లోపలికి పోయాడు. అంత గెలుపు గెలిచి మీసం కూడా దువ్వుకోలేదు. కానీ వదినకి తెలుసు, ఆ పొగరు మీసంలో ఉండేది కాదు, వేళ్ళలో ఉండేది.

వీధిలో అందరూ ఆవిణ్ణి వదినే అంటారు గానీ, అసలు వరసకి వదిన ఒక్క మేస్త్రీకే. అతను చేసుకున్నది ఆవిడ చెల్లెల్ని. ఆవిడ ఇస్త్రీ కొట్టు, అతని రంగుల షెడ్డు పక్కపక్కనే. మధ్యలో ఉన్న రేకు గోడ మాటల్ని ఆపదు, దుమ్ముని అసలే ఆపదు. తెల్ల బట్టల మీద ఎర్ర రంగు పొడి వాలినప్పుడల్లా వదిన గోడ మీద కర్రతో కొట్టి, “మరిదీ, నా గిరాకీలకి కూడా రంగులేస్తావా?” అని అరిచేది. “ఊరికే వేశాను వదినా, ఏమీ ఇవ్వక్కర్లేదు,” అని అవతల్నించి జవాబు.

మనిషి పిచ్చి ఒక్కటే: ఏ గీతా ఉండకూడదు. గీత కంట పడితే అతనికి నిద్ర పట్టదు. పెళ్ళయిన కొత్తలోనే అత్తగారింటి బీరువా మీద గీతలన్నీ పూడ్చి, చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళు ఎత్తు కొలుచుకుని తలుపుకి పెట్టుకున్న గాట్లు కూడా పూడ్చేశాడు. పరామర్శకి వెళ్ళినచోట కూడా కుర్చీ చేతి మీద గరుకు తగిలితే, ఏడ్చేవాళ్ళ మధ్య కూర్చుని బొటనవేలితో రుద్దుతూ ఉంటాడు. దూరపు కొండలు నునుపు అంటారు. ఇతని చెయ్యి పడితే దగ్గరి కొండలూ నునుపే. అందుకే ఆ పేరు.

ఆ నునుపు ఊరికే రాలేదు. ఏళ్ళ తరబడి గరుకు కాగితం పొడి, రంగులో కలిపే థిన్నరు ఆవిరి పీల్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే, “గుడ్డ కడితే వాసన తెలీదు, వాసన తెలీకపోతే రంగు చిక్కదనం తెలీదు,” అనేవాడు. చివరికి రెండు మెట్లు ఎక్కి మూడో మెట్టు మీద కూర్చునే స్థితికి వచ్చాక, చెల్లెలు ఏడ్చి మొత్తుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తోడుగా వదిన వెళ్ళింది. డాక్టరు ఎక్సరే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశాడు.

“మీ ఊపిరితిత్తుల్లో గాలి కన్నా రంగే ఎక్కువుందయ్యా. ఇంక ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దు. పెట్టారంటే తర్వాత నా దగ్గరికి రావక్కర్లేదు. ఎక్కడికీ రావక్కర్లేదు.”

ముగ్గురూ బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద నిలబడ్డారు. మేస్త్రీయే ముందు నోరు విప్పాడు.

“దుమ్ము లేని చోటు ఎక్కడుంటుంది వదినా?”

“కాటికి పోతే ఉంటుంది. ముందు ఇంటికి నడు.”

షెడ్డుకి తాళం పడింది. ఇంట్లో కూర్చోబెడితే కూర్చుంటాడా? గంటకోసారి “తాళం చూసొస్తా” అని లేస్తాడు. చూడ్డానికి వెళ్ళినవాడు తాళం తీసి లోపలికి పోతాడు. చెల్లెలు వెనకాలే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. ఇలా ఎన్నాళ్ళు లాగుతుంది? పని లేక చస్తాడో, పని చేసి చస్తాడో తెలియని సంకటం.

అలాంటి సమయంలో ఒక పొద్దున వదిన కొట్టు తెరిచేసరికి, షెడ్డు ముందు ఒక పడవ నిలబడి ఉంది.

రోడ్డు మీద పడవ! చక్రాల బండి మీద, ముక్కు ఆకాశం వైపు పెట్టుకుని. నలుగురు కూర్చుని చెరువులో షికారు తిరిగే చిన్న ఫైబరు పడవ. పక్కన నిలువునా చీలిక. మూల విరిగి ఉంది. ఒంటి నిండా నాచు. లోపల ఏదో కోడి గుడ్లు పెట్టిన గడ్డి. వదిన చేతిలోంచి తాళంచెవులు జారిపోయాయి.

“ఇదేంటి?”

“పడవ వదినా.”

“పడవని నాకూ తెలుసు. మన వీధిలోకి వరదొస్తోందని ఎవరైనా చెప్పారా?”

మేస్త్రీ పడవ పక్కని అరచేత్తో నిమురుతూ, చిన్న గొంతుతో చెప్పాడు. ఊరి చివర పళ్ళ డాక్టరు పెరట్లో బోర్లించి ఉండేదట. ఆయన తిరిగినన్నాళ్ళూ తిరిగి, విసుగొచ్చి మూల పడేసి, అడిగితే చవగ్గా అమ్మేశాడట. “ఆసుపత్రి డాక్టరు దుమ్ములోకి పోవద్దన్నాడు కదా. ఆలోచించాను. నీళ్ళ మీద దుమ్ము లేవదు వదినా. వెనక చిన్న ఇంజను పెట్టుకుని రోజూ పొద్దున్నే చెరువు మధ్యకి పోయి కూర్చుంటా. ఊపిరి పీల్చుకుంటా. అంతే.”

అప్పుడే వచ్చిన చెల్లెలు పడవని చూసి నిలబడ్డచోటే కూలబడింది. “అక్కా, ఈయనకి ఈత కూడా రాదే!”

“ఈదడానికా పోయేది, కూర్చోడానికి,” అన్నాడు మేస్త్రీ.

ఒక్క మాట మీద ఆడవాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు: పొడి లేవకూడదు. మేస్త్రీ ఆ మాట నిలబెట్టుకున్నాడు. వీధిలోనే, గాలిలోనే, నీళ్ళ గొట్టం వదులుతూ తడితడిగా అరగదీశాడు. చీలిక పూడ్చాడు, మూల కట్టాడు, నాచు వదిలించాడు. కాస్త పని, కాస్త దగ్గు, కాస్త కూర్చోడం. అయినా ఎన్నాళ్ళ తర్వాతో అతని మొహంలో రక్తం కనిపించింది. పని ముగిసేసరికి పడవ చూస్తే వదినకే మతి పోయింది. లేత నీలం రంగు, పైన తెల్ల అంచు. వంగి చూస్తే మొహం కనపడుతోంది. ఆవిడ బొట్టు కూడా ఒకసారి అందులోనే సరిచేసుకుంది.

ఇంక మిగిలింది కాగితాల పనే. ఇంజను ఉన్న పడవైతే, అది ఒట్టి షికారుకే అయినా, కారుకి చేయించినట్టే రిజిస్ట్రేషను చేయించి, యజమాని పేరున పత్రం తీసుకోవాలి. లేకపోతే నీళ్ళలో దించనివ్వరు. చెల్లెలు ఆఫీసుల మొహం చూడనంది. వదిన కొట్టు మూసి వెంట బయల్దేరింది. రెండో తరగతితో బడి మానేసినా, ఆఫీసు కిటికీల ముందు తనంత ధైర్యంగా నిలబడేవాళ్ళు లేరని ఆవిడ నమ్మకం.

కిటికీ వెనక గుమస్తా, పళ్ళ డాక్టరు రాసిచ్చిన అమ్మకం కాగితం, పాత పత్రం చూసి తలాడించాడు. అంతా సవ్యంగానే ఉందన్నాడు. ఒక పొడుగాటి పల్చని కాగితం ముక్క చేతికిచ్చాడు.

“పడవ వెనక కుడివైపు మూల కంపెనీ వాళ్ళు చెక్కిన నంబరుంటుంది. దాని మీద ఈ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అచ్చు పడుతుంది. అది తెస్తే, ఈ పాత పత్రంలో నంబరుతో సరిచూసి కొత్త పత్రం ఇస్తాం.”

“అంతేనా?” అంది వదిన. దెబ్బలాట లేకుండా పని అయిపోతుంటే ఆవిడకి కాస్త చప్పగానే అనిపించింది.

ఇంటికి వచ్చి మేస్త్రీ పడవ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాగితం పెట్టి పెన్సిలు పెట్టి రుద్దాడు. కాగితం నల్లబడింది. నల్లగా, నున్నగా, అద్దంలా. కాస్త పక్కకి జరిపి రుద్దాడు. మళ్ళీ అంతే. ఎడం మూలకి పోయాడు. మళ్ళీ కుడి మూలకి వచ్చాడు. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. పెన్సిలు మొన విరిగింది.

“ఏంటి మరిదీ, పెన్సిలు బాలేదా?”

అతను తల ఎత్తలేదు. “వదినా... ఇక్కడేవో గీతలుండేవి.”

“ఏం గీతలు?”

“నాచు పట్టి, రంగు మీద రంగు పేరుకుని, సరిగ్గా కనపడలేదు. ఎవడో పనిలేనివాడు మేకుతో గీకాడనుకున్నా. పొద్దున మొదలెట్టి పొద్దు గూకేదాకా అరగదీశా. లోతుగా ఉన్నవాటిలో పుట్టీ పెట్టా.”

వదిన వంగి ఆ మూలని తనే తడిమి చూసింది, నంబరు జాడే లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే.

చెల్లెలు తేరుకుని, “కంపెనీ వాళ్ళు నంబరే వెయ్యలేదని చెప్దాం,” అంది.

“పాత పత్రంలో నంబరుందే పిచ్చిదానా. పడవ మీద ఎప్పుడూ లేదంటే నీ మొగుడు కూడా నమ్మడు,” అంది వదిన. “ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తప్పు చేసినా తెలిసి చెయ్యలేదు కదా.”

ఉన్నది ఉన్నట్టే చెప్పారు. గుమస్తా వింటూ వింటూ కలం కింద పెట్టి, లోపలికి వెళ్ళి, ఆఫీసరమ్మని పిలుచుకొచ్చాడు. చిన్న వయసు, జుట్టు బిగించి కట్టుకున్న మనిషి. మాట కూడా అలాగే బిగించి మాట్లాడుతుంది.

“నంబరు చెరిపేశారా?”

“పొరపాటున, మేడమ్. శుభ్రం చేస్తూ...”

“పడవల నంబర్లు ఎవరు చెరుపుతారో తెలుసా మీకు? దొంగలు. నంబరు చెరిపిన పడవ ఎవరి దగ్గర కనపడినా మేం పట్టుకుపోవాలి. అది చట్టం. పట్టుకుపోయాక మళ్ళీ ఇవ్వం. నుజ్జు చేసేస్తాం.”

మేస్త్రీ కిటికీ చెక్కని పట్టుకున్నాడు. “నుజ్జా?” అన్నాడు. ఆ మాట తనకి ఎప్పుడూ తెలియనట్టు, ఎవరో కొత్తగా నేర్పినట్టు అన్నాడు.

“కాగితాలన్నీ ఉన్నాయి కదమ్మా!” అంది వదిన.

“కాగితాలు ఒక పడవవి పెద్దమ్మా. మీ ఇంటి ముందున్నది ఆ పడవేనని నాకెలా తెలుస్తుంది? రేపు వచ్చి చూస్తాను. అమ్మినాయన్ని కూడా పిలిపించండి. ఇది నా పడవేనని ఆయన నా ఎదుట సంతకం పెడితే, అప్పుడు ఆలోచిస్తాను.”

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అమ్మినవాడు తన పడవని గుర్తుపట్టడా ఏంటి! మర్నాడు పొద్దున్నే మేస్త్రీ పడవని కడిగి, తుడిచి, మళ్ళీ తుడిచి పెట్టాడు. కడుగుతూ కడుగుతూ దగ్గొస్తే బండి చక్రం మీద కూర్చున్నాడు. వదిన కొట్టు గుమ్మంలోంచి చూస్తూ ఉంది. ఈ పడవ పోయిందంటే ఇతను చెరువు మీదికి పోడు, ఇంట్లోనూ కూర్చోడు. షెడ్డు తాళం తీసుకుని మళ్ళీ ఆ దుమ్ములోకే పోతాడు. ఆ తర్వాత సంగతి డాక్టరు ముందే చెప్పాడు.

ఆఫీసరమ్మ జీపులో వచ్చింది. పళ్ళ డాక్టరు గొడుగుతో వచ్చాడు. పెద్దమనిషి, మెత్తని మనిషి, అబద్ధం ఆడడని ఊళ్ళో పేరు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కు దగ్గర ఆగాడు. అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు.

“చాలా బాగుందండీ,” అన్నాడు. “ఎవరిదీ పడవ?”

చెల్లెలు నవ్వబోయి ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు.

“మీదే డాక్టరుగారూ! మీ పెరట్లోంచి నేను తెచ్చుకున్నది!” అన్నాడు మేస్త్రీ.

“నాదా? నా పడవకి ఎడం పక్కన చెయ్యి దూరేంత చీలికుండేది. మూల విరిగిపోయి ఉండేది. మా అబ్బాయి కత్తితో లోపలంతా బొమ్మలు చెక్కాడు. ఇందులో అవేవీ లేవే.”

“అవన్నీ నేనే పూడ్చానండీ. చీలిక ఇదిగో, ఇక్కడుండేది.”

మేస్త్రీ వేలు పెట్టి చూపించాడు. వేలు పెట్టిన చోట లేత నీలం రంగు, అందులో ఆకాశం, డాక్టరుగారి గొడుగు. ఇంకేమీ లేవు. పళ్ళ డాక్టరు వంగి, కళ్ళజోడు పైకి నెట్టి చూసి, నిజమైన బాధతో తలూపాడు.

“క్షమించు నాయనా. ఏమీ కనపడట్లేదు. సంతకం పెట్టమంటే ఎలా పెట్టను? నాకు తెలిసిన గుర్తు ఒక్కటైనా ఉండాలి కదా.”

మేస్త్రీ చెయ్యి జేబులోకి పోయింది. అయస్కాంతం కోసం వెతుక్కుంటున్నాడని వదినకి అర్థమైంది. ఫైబరు పడవ మీద అయస్కాంతం ఎక్కడ పెట్టినా రాలిపోయేదే. అతనికీ అది గుర్తొచ్చినట్టుంది, చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

వదిన ఇంక ఆగలేకపోయింది.

“ఏం డాక్టరూ! నువ్వు ఒకడి నోట్లో పన్ను పీకి కొత్తది పెడితే, ఆ నోరు వాడిది కాకుండా పోతుందా?”

“పోదమ్మా. కానీ నోట్లో పాత పన్ను ఒక్కటీ మిగలకపోతే, అది వాడి నోరేనని నేను మాత్రం ఎలా చెప్పగలను?”

ఆఫీసరమ్మ అంతసేపూ వెనక మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటు పక్కవాటుగా వేసి చూస్తోంది. గోటితో గీరింది. నాలుగు వేళ్ళతో తడిమింది. లేచి నిలబడింది.

“ఇంత శుభ్రంగా నంబరు తీసేసిన చెయ్యి నేను ఇంతవరకు చూడలేదు,” అంది. “దొంగలు కూడా ఇంత బాగా చెయ్యరు.”

ఆ మాటకి మేస్త్రీ పెదవి చివర చిన్నగా కదిలింది. ఒక్క క్షణమే. వదిన చూసింది. ఇల్లు కాలుతుంటే వెలుతురు బాగుందని మురిసినట్టు! ఆవిడకి అతని చెంప పగలగొట్టాలనిపించింది.

ఆఫీసరమ్మ సంచిలోంచి పసుపుపచ్చ టేపు చుట్ట తీసి, పడవకి అడ్డంగా అంటించడం మొదలుపెట్టింది. టేపు చర్రుమన్నప్పుడల్లా చెల్లెలు ఉలిక్కిపడింది.

“సాయంత్రం బండి వస్తుంది. దానికి అడ్డం పడొద్దు.”

“ఇంక వేరే దారే లేదా తల్లీ?” అంది వదిన. ఆఫీసుల్లో ఎవరినీ తల్లీ అని పిలిచి ఎరగదు ఆవిడ.

ఆఫీసరమ్మ టేపు చింపడం ఆపి, ఆలోచించింది. “ఒకటుంది. కంపెనీ వాళ్ళు అదే నంబరుని రెండో చోట కూడా వేస్తారు. లోపల, బయటికి కనపడని చోట. ఎక్కడన్నది ఎవరికీ చెప్పరు, ఒక్కో కంపెనీ ఒక్కో చోట వేస్తుంది. మామూలుగా మా వాళ్ళు కోసి చూస్తారు. కోసినదాన్ని మళ్ళీ అతికించి ఇవ్వం. దొరికితే మీది, దొరక్కపోతే నుజ్జు. కానీ...” మేస్త్రీ వైపు తిరిగింది. “మీరు లోపల కూడా ఇలాగే నున్నగా చేసి ఉంటే, కోయడం కూడా దండగ.”

మేస్త్రీ మొహం పాలిపోయింది. లోపలంతా చేశాడు. అందరికీ తెలుసు. వదిన లోపల కూర్చునే తెల్ల బల్లల మీద చెయ్యి వేసి మెచ్చుకుంది కూడా.

“ఒక్క చోట చెయ్యలేదు,” అన్నాడు మేస్త్రీ. సిగ్గుతో చచ్చిపోతున్నట్టు చెప్పాడు. “వెనక బల్ల కింద ఇరుకు సందు ఉంది. నా చెయ్యి పట్టలేదు. ఎవరికీ కనపడదులే అని పైన పలక వేసి మూసేశాను.”

ఎవరూ ఏమీ అనకముందే ఉలి తెచ్చి పలక అంచులో దిగ్గొట్టాడు. అంత ముద్దుగా అతికించిన పలక పెచ్చులుగా లేచింది. పొడి లేచింది. దగ్గు తెర అతన్ని వంచేసింది. చెల్లెలు నడుం పట్టుకుని పక్కకి లాగి, తడిగుడ్డ ముక్కుకి పెట్టింది. ఆఫీసరమ్మ ఆ సందులోకి ఫోను దించబోయింది. పట్టలేదు. చెయ్యి పెట్టబోయింది. గాజు అడ్డొచ్చింది, గాజు తీసినా మణికట్టు దాటలేదు.

“జరుగమ్మా,” అంది వదిన. చిన్నప్పట్నించీ పుల్లలా ఉందని అందరూ వెక్కిరించిన చెయ్యి అది. పడవ అంచు మీద బోర్లా పడుకుని, భుజం దాకా దించింది. లోపల గరుగ్గా ఉంది. చీమలు కుట్టినట్టు ఫైబరు పోగులు వేళ్ళకి గుచ్చుకున్నాయి. పైకీ కిందికీ తడిమింది. ఏమీ లేదు. ఎడంపక్కకి తడిమింది. ఏమీ లేదు. వెనక గోడ మీదికి వేళ్ళు పాకించింది.

“ఏవో గాట్లున్నాయి,” అంది.

“అక్కా, పత్రంలో మొదటి అక్షరం...” అని చెల్లెలు మొదలుపెట్టింది.

“మీరు చెప్పకండి!” ఆఫీసరమ్మ పత్రం లాక్కుంది. “పెద్దమ్మా, మీ వేలికి ఏది తగిలితే అదే చెప్పండి. అక్షరాలు వచ్చా మీకు?”

“ఇస్త్రీ బట్టలకి గుర్తులేసే చెయ్యి తల్లీ ఇది. ఇంగ్లీషు మాట్లాడలేను గానీ, అక్షరం నా నుంచి తప్పించుకోదు.” కళ్ళు మూసుకుంది. “నిలువు గీత. దానికి రెండు కాళ్ళు. కే. తర్వాత సున్నా. కాదు కాదు, ఒక పక్క చదునుగా ఉంది. డీ. తర్వాత కొక్కెంలా ఉంది. జే అనుకుంటా. ఇక్కడ అంకెలు. ఏడు. నాలుగు. మళ్ళీ నాలుగు...”

పళ్ళ డాక్టరు గొడుగు మూసేసి రెండు చేతులా పట్టుకున్నాడు. వదిన ఒక్కో అక్షరం పలుకుతుంటే మేస్త్రీ పడవ వైపు చూడట్లేదు, ఆఫీసరమ్మ మొహం వైపే చూస్తున్నాడు. ఆ మొహం ఎటూ కదల్లేదు. ఆఖరి అంకె అయ్యాక కూడా కదల్లేదు. పత్రం మడిచింది.

“అదే,” అంది. “అక్షరం పొల్లుపోలేదు. ఈ కాగితాలు ఈ పడవవే.”

చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పళ్ళ డాక్టరు పడవని మళ్ళీ మొదటినుంచీ చూడ్డం మొదలుపెట్టి, “అయితే ఇది నాదేనన్నమాట! నాదే!” అని తనలో తనే అనుకుంటూ తిరుగుతున్నాడు. వదిన చెయ్యి బయటికి లాక్కుని చూసుకుంది. మోచేతి నిండా రక్తపు చారలు. నొప్పి మాత్రం తెలియట్లేదు. ఇంతలో ఇంత జరిగిందంటే నమ్మశక్యం కాక, పడవ అంచు మీద అలాగే కూర్చుండిపోయింది.

ఆఫీసరమ్మ సందు పక్కన చిన్న కన్నం వేయించి, సన్నని అద్దం దించి, ఫోటో తీసుకుంది. టేపు పీకేసింది. ఆ తర్వాత సంచిలోంచి లావుపాటి కలం లాంటి చిన్న మిషను తీసింది. దాని మొన మీట నొక్కగానే కందిరీగలా జుమ్మంది.

“పత్రం మీ పేరునే ఇస్తాను. కానీ బయటి నంబరు లేకుండా పడవ నీళ్ళలోకి పోకూడదు. ఉండాల్సిన మూలలోనే, నా ఎదురుగా, ఇప్పుడే చెక్కాలి. రంగు మీద రాస్తే చెల్లదు. రంగు దాటి, లోపలికి దిగాలి. మళ్ళీ ఎవరి గరుకు కాగితానికీ లొంగనంత లోతుగా. ఎవరు చెక్కినా ఫరవాలేదు.”

మిషను మేస్త్రీ చేతిలో పెట్టింది. అతను పడవ వెనక కూర్చున్నాడు. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, మొన ఆ మూలకి తీసుకుపోయాడు. వెంట్రుకంత ఎడంలో ఆగాడు. జుమ్మని శబ్దం వస్తూనే ఉంది. పడవలో అతని మొహం, అతని చెయ్యి, ఆ మొన కనపడుతున్నాయి. చిన్న పక్షి ఈకంత గీత కూడా లేని ఆ నీలంలోకి మొన దిగట్లేదు. మీట వదిలేశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వదిలేశాడు.

“కానివ్వవయ్యా, ఆవిడకి వేరే పనుల్లేవా?” అంది వదిన.

అతను వెనక్కి తిరిగి, మిషను ఆవిడ ముందుకి చాచాడు.

“నాకెందుకిస్తావు? కళ్ళజోడు కూడా తెచ్చుకోలేదు. నీ పడవ పాడైపోతుంది.”

“అవనీ.” మిషను ఆవిడ వేళ్ళలో ఇరికించాడు. “నా చెయ్యి వెళ్ళట్లేదు వదినా. నువ్వు చెక్కు. బలంగా నొక్కి చెక్కు. వంకరొచ్చినా సరే, నేను ముట్టుకోను.”